తాత తలలో అల

మా ల్యాబ్‌లో పని తలంటుతో మొదలయ్యేది. మెదడు మీద పరిశోధన అనగానే జనం గాజు సీసాలు, తెల్ల కోట్లు ఊహించుకుంటారు. మాకు ముందుగా కావలసింది నూనె లేని తల. మనిషికి తొడిగే టోపీ నిండా చిన్న చిన్న లోహపు బిళ్ళలుంటాయి. ఒక్కో బిళ్ళ కింద జెల్ నింపి, అది మాడుకు అంటుకునేలా చూడాలి. నూనె ఉంటే అంటదు. అందుకని ముందురోజే ఫోన్ చేసి, తలంటుకుని రండి, నూనె రాయకండి అని చెప్పేవాళ్ళం. అందరూ సరేననేవాళ్ళు. అందరూ నూనె కారుతూ వచ్చేవాళ్ళు. పెద్ద చదువుల చోటికి చింపిరి జుట్టుతో ఎలా వస్తామమ్మా అని ఒకావిడ నన్నే గదిమింది.

అందుకే మాకు పిన్ని ఉండేది. పిన్ని అంటే మా అటెండరు. యాభై దాటిన మనిషి. ల్యాబ్‌లో అందరికీ పిన్నే, మా మేడమ్‌కి కూడా. వెనక వరండాలో ఒక కుళాయి, ప్లాస్టిక్ స్టూలు, బకెట్టు, పూర్ణా మార్కెట్లో డజన్ల లెక్కన కొన్న తువ్వాళ్ళు ఆవిడ సామ్రాజ్యం. రికార్డింగుకు ముందు నూనె పోయేలా ఒకసారి, తర్వాత జెల్ పోయేలా ఒకసారి తల రుద్దేది. రుద్దుతూనే లోపలి సంగతులు చెప్పేసేది. "ఈ బాబుకి నిద్దర నేదమ్మా, మాడు సూడు ఎలా కాలిపోతందో" అనేది. చాలాసార్లు నిజమయ్యేది. నీ చేతుల ముందు మా మిషన్ ఎందుకు పిన్నీ అని నేను ఆటపట్టిస్తే, "మిసనుకి కాయితం వొస్తాది, నా సేతికి రాదు కదా" అనేది.

ల్యాబ్ అంటే రెండే గదులు. లోపలి గదిలో ఒక వాలుకుర్చీ, గుడ్డి నీలం బల్బు. దానికి వెనక వరండాలోకి ఒక తలుపు. బయటి గదిలో కంప్యూటర్ల ముందు నేను. మధ్య గోడలో పుస్తకమంత అద్దం. అందులోంచి చూస్తే కుర్చీలో కూర్చున్న మనిషి టోపీ, ఆ టోపీ నుంచి వెనక్కి వేలాడే తీగల కట్ట తప్ప ఇంకేమీ కనిపించదు. మేము వచ్చినవాళ్ళను కళ్ళు మూసుకుని, ఏమీ ఆలోచించకుండా, పదిహేను నిమిషాలు ఊరికే కూర్చోమనేవాళ్ళం. ఈ ఊళ్ళో ఎవరినీ ఎవరూ ఎప్పుడూ ఊరికే కూర్చోమని అడిగి ఉండరు. మొదట ఇబ్బందిగా కదిలేవాళ్ళు. కాసేపటికి భుజాలు వాలేవి, నా తెర మీద గీతలు నెమ్మదించి పొడుగయ్యేవి. అప్పుడు నాకూ ఒక రకం మత్తు కమ్మేది. ఎదుటి మనిషి నిద్రకు, మెలకువకు మధ్య ఎక్కడో తేలుతున్నాడని ఆ గీతల వల్ల నాకు తెలుసు, అతనికి తెలియదు. అతని రెప్పల వెనక ఏముందో మాత్రం ఇద్దరికీ తెలియదు. ఆ పదిహేను నిమిషాలు ప్రపంచంలో ఏ పనీ లేనట్టుండేది. ఫ్యాక్టరీ సైరన్లు, బస్సు హారన్లు, మెట్ల మీద విద్యార్థుల గోల, అన్నీ దూరం జరిగిపోయేవి. మెట్ల మీద నిలబడితే రేవు కనిపించేది. లోపలికి పిలుపు కోసం లంగరేసుకుని ఎదురుచూసే ఓడలు మధ్యాహ్నం పూట కదలక మెదలక ఉండేవి. అవి కూడా ఊరికే కూర్చున్నాయనిపించేది.

నా పరిశోధన విషయం నేను ఏరి కోరి తెచ్చుకున్నది. మా నాన్న స్టీల్ ప్లాంట్‌లో కొలిమి దగ్గర పనిచేశాడు. మాది ప్లాంటు పక్కనే, కూర్మన్నపాలెం. డ్యూటీ నుంచి వచ్చి భోంచేసి నడుం వాల్చి, "కళ్ళు మూసినా ఎర్రగానే ఉంటాదే" అనేవాడు. నేను చిన్నదాన్ని. నాన్న రెప్పల మీద నా అరచేయి పెట్టి, ఇప్పుడో, ఇప్పుడో అని అడిగేదాన్ని. ఇంకా ఎర్రగానే ఉందనేవాడు. మనిషి రోజంతా ఉన్న చోటు మనిషి తలలోకి వచ్చి ఉండిపోతుందని నాకు అప్పటి నుంచీ నమ్మకం. దాన్ని మిషన్‌తో నిరూపించాలని పీహెచ్‌డీలో చేరాను. కొలిమి దగ్గరివాళ్ళకు షిఫ్టులు కుదరలేదు. అందుకని సముద్రాన్ని పట్టుకున్నాను. ఏళ్ళ తరబడి పడవల మీద బతికినవాళ్ళ తల ఖాళీగా ఉన్నప్పుడు ఎలా ఉంటుంది, ఎప్పుడూ పడవ ఎక్కనివాళ్ళ తల ఎలా ఉంటుంది, రెండూ పోల్చి చూడాలి. పడవ ఎక్కనివాళ్ళు మా విద్యార్థులు. వాళ్ళు క్లాసులకు ముందు, ఉదయం వచ్చేవాళ్ళు. చేపల వేటకు వెళ్ళేవాళ్ళకు పొద్దున్న పడవలు ఒడ్డుకు రావాలి, చేపలు అమ్ముడవాలి, కాబట్టి వాళ్ళు మధ్యాహ్నం. ఈ ఏర్పాటు నాదే. చాలా తెలివైన ఏర్పాటని ఒకరిద్దరి దగ్గర గొప్పలు కూడా చెప్పుకున్నాను.

తాత అలా ఒక మధ్యాహ్నం భార్యతో కలిసి వచ్చాడు. డెబ్భైకి దగ్గర. వేట మానేసి నాలుగేళ్ళు. పిన్ని తల రుద్దుతుంటే పిల్లాడిలా కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మామ్మ పక్కనే నిలబడి, దొంగను పోలీసుకు అప్పగించడానికి తెచ్చినట్టు చూస్తోంది. నేను ఫారం నింపుకుంటూ మామూలు ప్రశ్నలు అడిగాను. నిద్ర, తిండి, తలనొప్పులు. మందు అలవాటుందా అనేదాకా వచ్చేసరికి ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు.

"నేదు" అన్నాడు తాత.

"తాగుతాడు" అంది మామ్మ.

కాసేపటికి విషయం తెలిసింది. తాత పడవ, మందు రెండూ ఒకే ఏడాది మానేశాడు. మానేసిన దగ్గర నుంచి ఊగుతున్నాడు. నడుస్తూ నడుస్తూ గోడ పట్టుకుంటాడు. మంచం మీద వాలితే మంచం లేస్తుంది, దిగుతుంది. "తొంగుంటే సాలమ్మా, మళ్ళీ పడవలోనే ఉన్నాను. లెగుత్తాది, కాసేపాగి దిగుతాది. ఒడ్డెక్కినాను గానీ అది నన్నొగ్గనేదు" అన్నాడు. వీధిలో వాళ్ళు నవ్వుతారు. మామ్మ నవ్వదు. రోజూ సాయంత్రం నోరు తెరవమని వాసన చూస్తుంది. వాసన రాకపోతే ఏదో కొత్తరకం మందు దొరికిందని అనుకుంటుంది. నలభై ఏళ్ళు తాగిన మనిషి మానేశానంటే ఎవరు నమ్ముతారు?

"అమ్మా, నీ మిసనులో సూడు" అన్నాడు తాత, టోపీ పెడుతుంటే. "నా బుర్రలో సముద్రం ఉందో నేదో సూసి సెప్పు. ఉందంటే నాకు సెప్పక్కర్నేదు. ఇదిగో, దీనికి సెప్పు."

నాకు ముక్కు మీద కోపం అని పేరు. ఆ రోజు కోపం మామ్మ మీద వచ్చింది. తాగకుండా ఉండడమే కష్టం, తాగడం లేదని ఇంట్లోవాళ్ళను నమ్మించడం ఇంకా కష్టమా అని లోపల లోపల మండిపోయాను. మామ్మను బయటి గదిలో నా పక్కన కూర్చోబెట్టుకుని రికార్డింగు మొదలుపెట్టాను.

అయిదు నిమిషాలకు వచ్చింది. పైపైన పరిగెత్తే చిన్న గీతలన్నిటికీ అడుగున, వాటన్నిటినీ మోసుకుంటూ, ఒక పెద్ద అల. నెమ్మదిగా లేచింది, నెమ్మదిగా దిగింది. పది సెకన్లకోసారి. మళ్ళీ లేచింది. అంతకుముందు వచ్చిన వేటవాళ్ళ రికార్డుల్లోనూ ఇలాంటి నీడ ఒకటి కనిపించింది గానీ, నమ్మడానికి భయపడ్డాను. ఇప్పుడు ఇంత స్పష్టంగా, ఇంత నిండుగా చూసేసరికి ఒళ్ళు జల్లుమంది. తీరం దాటాక పడవ ఎన్ని క్షణాలకు లేస్తుందని అంతకుముందే నేను వాళ్ళను అడిగి రాసుకున్నాను. సరిగ్గా అంతే. నేను తెర ముందు కూర్చుని నీళ్ళ మీద ఉన్నాను. నాన్న రెప్పల వెనక ఎరుపు, తాత మాడు కింద నీలం, అన్నీ నిజమేనన్న మాట. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా.

"ఏటమ్మా?" అంది మామ్మ కంగారుగా.

నేను వేలితో తెర మీద అల పైకి కిందికి చూపించాను. "ఇదే మామ్మా, తాత చెప్పిన సముద్రం. మందు కాదు" అన్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. మా ల్యాబ్‌లో ఒక కట్టుబాటు ఉంది. వచ్చినవాళ్ళ గీతలు వాళ్ళ చేతికివ్వం. "అర్థం మనకే పూర్తిగా తెలియదు. కాగితం చేతిలో పెట్టి పంపితే ఇంటికెళ్ళేసరికి అది జాతకం అయిపోతుంది" అనేది మేడమ్. మా ల్యాబ్ ఆవిడది. నేను ఆ మాట వందసార్లు విన్నాను, కొత్తగా చేరినవాళ్ళకు నేనే చెప్పాను. ఆ మధ్యాహ్నం ప్రింటు తీసి, ఎర్ర పెన్నుతో అల చుట్టూ సున్నా చుట్టి, మామ్మ చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుంది. పిన్ని తాత తల తుడుస్తుంటే పక్కకు వెళ్ళి, తువ్వాలు తను అందుకుంది.

వారం తర్వాత తాత ఫోన్ చేశాడు. "నోరు సూడ్డం మానీసింది అమ్మా" అన్నాడు. అవతల నవ్వుతున్నాడు. నేను చాలా రోజులు గాల్లో తేలాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే దువ్వెనలు అమ్మేవాడి తలలోనూ, కండక్టరు తలలోనూ ఏముంటుందో ఆలోచించేదాన్ని. కండక్టరు తలలో ఊరంతా ఊగుతూ ఉంటుందేమో. కూరగాయలమ్మి తల తక్కెడలా వాలుతుందేమో. ఎవరు కనిపించినా రెప్పల వెనక ఉన్న చోటు అడగాలనిపించేది. మేడమ్ నా అల చూసి పెదవి విరవలేదు, చప్పట్లూ కొట్టలేదు. "ఇంకా కొందరిని చూడు" అంది. నాకు ఒళ్ళు మండింది. మెచ్చుకుంటే ఆవిడ సొమ్మేం పోయిందనుకున్నాను.

ఆ తర్వాత ఒక రోజు ఉదయం రావలసిన కుర్రాడు రైలు ఆలస్యమై దువ్వాడ స్టేషన్లో చిక్కుకుని, మధ్యాహ్నం వచ్చాడు. ఇంజనీరింగ్ చదువుతున్నాడు. నీళ్ళంటే భయం, బీచ్‌లో మోకాలి లోతుకు కూడా దిగనని వాడే చెప్పాడు. వెనక్కి పంపడమెందుకని కూర్చోబెట్టాను. కళ్ళు మూసుకున్నాడు. గీతలు నెమ్మదించాయి. అయిదు నిమిషాలకు అల వచ్చింది.

మొదట నవ్వొచ్చింది. తర్వాత తెర దగ్గరికి జరిగి చూశాను. అదే అల. లేవడం, ఆగడం, దిగడం. అద్దంలోంచి చూశాను. టోపీ, వేలాడే తీగల కట్ట. కుర్రాడు కదలడం లేదు. రికార్డింగు నడుస్తుండగానే చెప్పులు విప్పి, చప్పుడు కాకుండా బిల్డింగు చుట్టూ తిరిగి వెనక వరండాలోకి వెళ్ళాను.

లోపలి గది తలుపు జానెడు తెరిచి ఉంది. ఆ సందుకు ఎదురుగా, కాస్త దూరంలో, స్టూలు మీద టేబుల్ ఫ్యాను. పక్కన తువ్వాళ్ళు మడతపెడుతూ పిన్ని. ఫ్యాను తల ఇటు నుంచి అటు తిరుగుతోంది, చివర ఒక్క క్షణం ఆగి, అటు నుంచి ఇటు వస్తోంది. తలుపు సందు ఎదుటికి వచ్చినప్పుడల్లా లోపల తీగల కట్ట వెంట్రుకవాసి కదులుతోంది. నేను మెట్టు మీద కూలబడి లెక్కపెట్టాను. పది.

రికార్డింగు అప్పుడు ఏసీ ఆపేస్తాం. దాని రొద గీతల్లోకి వస్తుంది. ఉదయం పూట పర్వాలేదు. మధ్యాహ్నం ఆ గది ఉడికిపోతుంది. మధ్యాహ్నం వచ్చేది వేటవాళ్ళు. నేను అలవాటుగా అన్నీ వరసగా అనుకుంటూ పోయాను. అల వేటవాళ్ళది కాదు, మధ్యాహ్నానిది.

"ఇదెప్పటి నుంచి పెడుతున్నావు?" అన్నాను.

"ఎండలు ముదిరిన కాడి నుంచి" అంది పిన్ని. "ఉక్కకి సెమట్లు పోసేసి కూకుంటన్నారు. సముద్రం గాలి తిన్నోళ్ళమ్మా, గాలాడకపోతే ఉండనేరు. ఏటి, సప్పుడు రాదని దూరంగా ఎట్టినానే."

అరిచాను. ఏమని అరిచానో రాయను. కుర్రాడు టోపీతోనే కళ్ళు తెరిచి, ఏమైందని లోపలి నుంచి కేకేశాడు. పిన్ని ఫ్యాను ఆపి, తీగ చుట్టి, మూలన పెట్టి, నా వైపు చూడకుండా తువ్వాళ్ళు మడత పెట్టుకుంది. "గాలి తగిలితే తప్పేటమ్మా?" అని ఒక్కసారే అడిగింది. తప్పు గాలిది కాదు. తీగలు కట్టేసి ఉన్నాయో లేదో చూసుకోవలసింది నేను. వెనక తలుపు దగ్గర ఏం జరుగుతుందో ఏడాదిగా ఒక్కసారి కూడా వెళ్ళి చూడని దాన్ని నేను.

మర్నాడు మధ్యాహ్నం మేడమ్ సంగతంతా విని, ఫ్యాను మళ్ళీ అక్కడే పెట్టించి, నాకే టోపీ తొడిగించింది. నా తల పిన్నే రుద్దింది, ఎప్పటి కంటే మెత్తగా. నేను వాలుకుర్చీలో కళ్ళు మూసుకున్నాను. గది నీలంగా, వెచ్చగా ఉంది. మెడ మీదికి గాలి వచ్చింది, పోయింది. మళ్ళీ వచ్చింది. కోపంలో ఉన్నా, సిగ్గుతో చచ్చిపోతున్నా, మూడు నాలుగు సార్లకు కుర్చీ తేలింది. ఎక్కడికో పోతున్నాను, ఒడ్డు కనిపించడం లేదు, భయం కూడా లేదు. పుట్టి బుద్ధెరిగి పడవ ఎక్కనిదాన్ని నేను. బయటికొచ్చి చూస్తే తెర మీద నా తలలోనూ సముద్రం ఉంది. ఫ్యాను ఆపి తీసిన రికార్డులో లేదు.

మేడమ్ చాలాసేపు తెర చూసి, "పోనీలే. మళ్ళీ తీసుకుందాం. ఈసారి అందరినీ ఉదయమో, అందరినీ మధ్యాహ్నమో" అంది. ఏడాది పని అలా రెండు మాటల్లో పోయింది. నేను తల వంచుకుని, ప్రింటు సంగతి చెప్పాను. ఆవిడ కుర్చీ నా వైపు తిప్పింది. అంతకుముందెప్పుడూ ఆవిడ మొహంలో అంత కోపం చూడలేదు. "వెళ్ళి చెప్పు. ఫోన్‌లో కాదు" అంది.

మూడు రోజులు వెళ్ళలేదు. వెళ్ళకపోవడానికి కారణాలు బాగానే దొరికాయి. ఒక ముసలి జంట సుఖంగా ఉంది, చెడగొట్టడమెందుకు? ఆ కాగితం అబద్ధమే అయినా తాత తాగడం లేదన్నది నిజం కదా? అబద్ధం నిజాన్ని నిలబెడితే నష్టమేమిటి? ఇలా నాకు నేనే వకీలునై వాదించుకున్నాను. నాలుగో రోజు పిన్ని టిఫిన్ బాక్సు మూస్తూ, "నానూ వొత్తానమ్మా. ఫేనెట్టింది నాను కదా" అంది. ఆ మాటతో సిగ్గేసింది. "కాగితం ఇచ్చింది నువ్వు కాదు పిన్నీ" అని చెప్పి, సెలవు పెట్టి బయల్దేరాను.

నేను తాత ఇంటికి వెళ్ళేసరికి పొద్దు బాగా ఎక్కింది. పడవలు ఇసుక మీదికి లాగి ఉన్నాయి. ఇళ్ళ ముందు చేపలు ఎండుతున్నాయి. తాత అరుగు మీద వల బాగుచేస్తున్నాడు. నన్ను చూసి, లేచి, స్తంభం పట్టుకున్నాడు. "మిసనమ్మ వొచ్చింది" అని లోపలికి కేక. మామ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, నన్ను లోపల మంచం మీద కూర్చోబెట్టింది. తాత వలతోనే లోపలికొచ్చి గోడకానుకుని కూర్చున్నాడు. ఎదురుగా దేవుడి పటాల వరసలో చివరన నా కాగితం, ప్లాస్టిక్ కవర్లో, మేకుకు తగిలించి. నా ఎర్ర సున్నా మీద కుంకుమ బొట్టు.

టీ తాగి చెబుదామనుకున్నాను. గ్లాసు పట్టుకోగానే, తాగితే చెప్పలేనని తెలిసిపోయింది. పక్కన పెట్టేసి మొత్తం చెప్పాను. ఏసీ, ఉక్క, తలుపు సందు, ఫ్యాను, తీగలు. మామ్మ కంటే ముందు తాతకే అర్థమైంది.

"అంటే గాలికి తాళ్ళు ఊగినాయి" అన్నాడు.

"అవును తాతా."

"నా బుర్రలో సముద్రం నేదా?"

"ఉందో లేదో నాకు తెలియదు. నా మిషన్ దాన్ని చూడలేదు. చూశానని చెప్పడం నా తప్పు. తీగల ఊపు చూసి సముద్రమని చెప్పేశాను."

తాత చేతిలో వల కిందికి జారింది. కొంచెంసేపు వేళ్ళు ఖాళీగా కదిలాయి. "అయితే నాను మళ్ళీ తాగుబోతునే" అన్నాడు, నాతో కాదు, మామ్మ వైపు కూడా చూడకుండా.

మామ్మ విరుచుకుపడింది. నా మీద. "నువ్వెందుకొచ్చినావమ్మా? నానడిగినానా? బాగున్నాం కదా. ఆ కాయితం అలా ఉంటే నీ సొమ్మేటి పోయింది?" కళ్ళు ఎర్రబడ్డాయి. నేను తిట్లు తినడానికే వచ్చాను. ఆవిడ ఆగలేదు. "ఈడు తాగట్నేదని నాకు తెల్దేటి? నలబై ఏళ్ళు మోసినాను. తాగినోడి నడక నాకు తెల్దా? తాగుడే అయితే బాగుణ్ణని రోజూ నోరు సూసినాను. తాగుడైతే నానే మానిపించుకుందును. తిట్టి, కొట్టి, కూడెట్టకుండా. మరి జబ్బైతే ఏటి సేతును? నానెవుల్ని తిట్టేది?"

కాగితం చూసినప్పటి నుంచి ఆవిడకు నిద్ర పట్టిందట. తాగుడూ కాదు, జబ్బూ కాదు, సముద్రమట. సముద్రమైతే ఎవరినీ చంపకుండా ఇంట్లో ఓ మూల ఉండొచ్చు. ఆ ఊరట నేను ఇచ్చాను, నేనే వచ్చి పట్టుకుపోతున్నాను. ఆ మాట ఆవిడ అనలేదు. నాకే అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

"ముందే సెప్పొచ్చు కదేటే" అన్నాడు తాత.

"సెప్తే నిజమైపోద్దని" అంది మామ్మ.

నేను రోజూ మనుషుల తలకు తీగలు తగిలిస్తాను. ఈవిడను పక్కన కూర్చోబెట్టుకుని, ఈవిడ భయాన్ని అనుమానం అనుకున్నాను, లోపల లోపల తిట్టుకున్నాను కూడా. ఇన్నేళ్ళ చదువు ఎందుకు, తగలెయ్యనా అనిపించింది. తాత వైపు చూడలేక పటాల వైపు చూస్తూ చెప్పాను. మా మిషన్ జబ్బులు చూసేది కాదు. ఊగడానికి చెవి లోపల కారణం ఉండొచ్చు, నరాల్లో ఉండొచ్చు, ఏమీ లేకపోవచ్చు కూడా. దానికి వేరే డాక్టర్లున్నారు. రేపు ముగ్గురం పెద్దాసుపత్రికి వెళ్దాం, నేను వస్తాను. మామ్మ రానంది. ఏదైనా ఉందంటే నాను తట్టుకోనేనంది. తాత లేచి, గోడ పట్టుకుంటూ వెళ్ళి, మేకు నుంచి కాగితం తీశాడు. నాకు ఇవ్వబోయి, మళ్ళీ ఏమనుకున్నాడో, కుంకుమ అంటిన కవరు తీసి మామ్మకిచ్చి, కాగితం మాత్రం నాకిచ్చాడు. "ఎల్దాం. నువ్వు రాకపోతే నానూ ఎల్లను" అన్నాడు ఆవిడతో.

మర్నాడు ఉదయం వెళ్ళాం. ఓపీ దగ్గర పొడుగాటి వరస. బెంచీ మీద తాత మధ్యలో, చెరోవైపు మేమిద్దరం. వరస జరిగినప్పుడల్లా ముగ్గురం కలిసి లేచి, కలిసి కూర్చున్నాం. ఆ ఊగడం లోపలి చెవికి సంబంధించిందని, ప్రాణానికి ప్రమాదం లేదని తర్వాత తేలింది. వ్యాయామాలు నేర్పారు, కొంత తగ్గింది, కొంత అలాగే ఉండిపోయింది. నా థీసిస్ కూడా ఒకటిన్నర ఏడాది ఆలస్యంగా పూర్తయింది, అందులో అల ఏమీ లేదు. అవన్నీ తర్వాత సంగతులు.

ఆ రోజు మా వంతు వచ్చింది. డాక్టరు చిన్న కుర్రాడు. అలసిపోయి ఉన్నాడు. తల ఎత్తకుండా చీటీ మీద రాసుకుంటూ వరసగా అడుగుతున్నాడు. వయసెంత? షుగర్ ఉందా? బీపీ ఉందా? ఎన్నాళ్ళ నుంచి ఊగుతున్నట్టుంది? తాత అన్నిటికీ నెమ్మదిగా చెప్పాడు. "మందు అలవాటుందా?" అన్నాడు డాక్టరు.

తాత నోరు తెరిచి, ఆగిపోయాడు.

"నేదు బాబూ" అంది మామ్మ. "ఒగ్గీసి నాలుగేళ్ళయింది."

డాక్టరు రాసుకున్నాడు. తాత మామ్మ వైపు తిరిగి చూశాడు. డాక్టరు తర్వాతి ప్రశ్న రెండోసారి అడగవలసి వచ్చింది.